బరువు తగ్గించే సర్జరీ అయ్యాక: డిశ్చార్జ్ రోజు నుంచి ఏళ్ల తరబడి చూసుకోవాల్సినవి

స్లీవ్ (కడుపులో ఎక్కువ భాగం తీసేసి గొట్టంలా చేయడం) అయినా బైపాస్ (కడుపును చిన్న సంచిగా చేసి, పేగు మొదటి భాగాన్ని దాటించి అతకడం) అయినా ఆపరేషన్ గంటా రెండు గంటల్లో అయిపోతుంది. రెండో రోజో మూడో రోజో ఇంటికి పంపేస్తారు. అక్కడి నుంచి మొదలయ్యే పని మాత్రం జీవితాంతం ఉంటుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఆపరేషన్ టేబుల్ మీద కాదు, ఆరు నెలలకు బరువు బాగా తగ్గాక. "ఇప్పుడు బాగానే ఉన్నాం కదా" అని మాత్రలు ఆపేస్తారు, రక్త పరీక్షలకు వెళ్లడం మానేస్తారు. లోపల విటమిన్ నిల్వలు తరిగిపోతున్న సంగతి బయటికి కనిపించదు. కనిపించేసరికి కాళ్లు తిమ్మిర్లెక్కడం, ఎముకలు పలచబడటం దాకా వస్తుంది.

కింద ఇచ్చిన మోతాదులు సాధారణంగా వాడేవి. మీ సర్జన్ మీ కాగితం మీద వేరే అంకె రాస్తే దాన్నే పాటించండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ప్రొటీన్, కాల్షియం విషయంలో కిడ్నీ డాక్టర్‌ను అడగకుండా ఏదీ మొదలుపెట్టొద్దు.

1. డిశ్చార్జ్ అయ్యే ముందే ఇవి అడిగి తీసుకోండి

డిశ్చార్జ్ సమ్మరీలో ఆపరేషన్ పేరు స్పష్టంగా ఉందో లేదో చూడండి. "బేరియాట్రిక్ సర్జరీ" అని మాత్రమే రాస్తే సరిపోదు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీనా, రూ-ఎన్-వై బైపాసా, మినీ బైపాసా అన్నది ఉండాలి. బైపాస్ అయితే చిన్న పేగును ఎన్ని సెంటీమీటర్లు దాటించారో కూడా రాయించుకోండి. పదేళ్ల తర్వాత కడుపునొప్పితో వేరే ఆసుపత్రికి వెళ్లినప్పుడు అక్కడి డాక్టర్ మొదట అడిగేది ఇదే. స్లీవ్‌లో తీసేసిన కడుపు భాగాన్ని బయాప్సీకి పంపి ఉంటే ఆ రిపోర్టు ఎప్పుడొస్తుందో అడగండి. చాలామంది దాన్ని తీసుకోవడమే మర్చిపోతారు.

రాత్రి రెండింటికి ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు తీసుకోండి. రిసెప్షన్ నంబరు చాలదు, డ్యూటీ డాక్టర్‌ను కలిపే నంబరు కావాలి. పాత మందుల్లో ఏవి ఆపాలో, ఏవి సగం చేయాలో ఒక్కొక్కటిగా రాయించుకోండి.

ఇన్సూరెన్స్ ఉంటే చాలా పాలసీల్లో డిశ్చార్జ్ తర్వాత 60 లేదా 90 రోజుల ఖర్చులు కూడా ఇస్తారు. మందుల బిల్లులు, పరీక్షల బిల్లులు, వాటి ప్రిస్క్రిప్షన్లు అన్నీ ఒక కవర్లో వేసుకోండి.

నల్లగొండ, మహబూబ్‌నగర్, కరీంనగర్ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు కనీసం వారం పది రోజులు హైదరాబాద్‌లోనే ఉండండి. కుట్టు లీకవడం లాంటి పెద్ద చిక్కులు ఎక్కువగా ఈ వ్యవధిలోనే బయటపడతాయి. అప్పుడు మూడు గంటల ప్రయాణం చాలా ఎక్కువ.

2. మొదటి రెండు వారాలు: నాడిని చూస్తూ ఉండండి

కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే బయటికి తీయండి. పొద్దున, సాయంత్రం కూర్చుని ఐదు నిమిషాలు ఆగి చూసి నాడి అంకె రాసుకోండి. పొట్టలో కుట్టు వేసిన చోట లీక్ మొదలైతే తొలి సూచన తరచుగా నొప్పి కాదు, నాడి వేగం. జ్వరం, నొప్పి ఆ తర్వాత రావచ్చు. ఊరికే కూర్చున్నా నాడి 100 దాటి అలాగే ఉంటే ఫోన్ చేయండి. 120 దాటితే ఫోన్ కోసం ఆగకుండా బయల్దేరండి.

వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాల్సిన మిగతా సూచనలు ఇవి: 101 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, ఎడమ భుజంలోకి పాకే నొప్పి, ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, నల్లగా తారులా విరేచనం, రక్తపు వాంతి, మంచినీళ్లు కూడా నిలవకపోవడం. సాధ్యమైతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి. ఊపిరి అందకపోతే మాత్రం దూరం లెక్క చూడకుండా 108కి ఫోన్ చేసి దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికి చేరండి. పిక్క వాపు, ఆయాసం అంటే రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి చేరిందేమోనన్న భయం ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసుకునే ఇంజెక్షన్లు ఇంటికి రాసిస్తే చివరిదాకా వేయించుకోండి. "తిరుగుతూనే ఉన్నాను కదా" అని మధ్యలో ఆపొద్దు.

నడక మొదటి రోజు నుంచే. ఇంట్లో మేలుకుని ఉన్నంతసేపూ గంటకోసారి లేచి ఐదు నిమిషాలు నడవండి. ఊపిరి పీల్చే మూడు బంతుల స్పైరోమీటర్ ఇచ్చి ఉంటే గంటకు పదిసార్లు. నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఐదు కిలోలకు మించి ఎత్తొద్దు. 20 లీటర్ల వాటర్ క్యాన్ డిస్పెన్సర్ మీద పెట్టడం, గ్యాస్ బండ జరపడం ఇంట్లో ఇంకొకరి పని. నొప్పి మాత్రలు ఆపేసి, హఠాత్తుగా బ్రేక్ వేయగలమన్న ధైర్యం వచ్చేదాకా బండి నడపొద్దు. మన రోడ్ల మీది గుంతల్లో టూవీలర్ అయితే రెండు వారాలైనా ఆగడం మంచిది.

గురక జబ్బుకు సీప్యాప్ మిషన్ వాడేవాళ్లు ఆపరేషన్ అయిన రాత్రి కూడా వాడాల్సిందే. పది కిలోలు తగ్గామని సొంతంగా ఆపొద్దు. నిద్ర పరీక్ష మళ్లీ చేయించి, డాక్టర్ చెప్పాకే ఆపాలి.

3. తాగడం, తినడం: దశలవారీగా

స్లీవ్ తర్వాత మిగిలే కడుపులో సుమారు 100 నుంచి 150 మిల్లీలీటర్లు పడతాయి. రూ-ఎన్-వై బైపాస్ సంచి ఇంకా చిన్నది, దాదాపు 30 మిల్లీలీటర్లు. అందుకే మందు మూతలాంటి చిన్న కొలత గిన్నె ఒకటి పెట్టుకుని 30 మి.లీ. చొప్పున పావుగంటకోసారి చప్పరించండి. గంటకు 120 మి.లీ. అవుతుంది. మేలుకుని ఉన్న 15 గంటల్లో 1,800 మి.లీ. మనకు కావాల్సింది రోజుకు 1.5 నుంచి 2 లీటర్లు, ఈ లెక్కన సరిపోతుంది. పొద్దున మర్చిపోయి సాయంత్రం ఒక్కసారిగా భర్తీ చేయడం ఈ కడుపుతో కుదరదు.

మొదటి ఒకటి రెండు రోజులు నీళ్లలా తేటగా ఉన్నవి మాత్రమే: మంచినీళ్లు, వడగట్టిన పప్పుకట్టు, వడగట్టిన చికెన్ సూప్, పలచటి మజ్జిగ తేట, కొద్దిగా కొబ్బరి నీళ్లు. స్ట్రా వద్దు, సోడా వద్దు.

అక్కడి నుంచి రెండు వారాలు నిండేదాకా చిక్కటి ద్రవాలు: వెన్న తీసిన పాలు, మజ్జిగ, ప్రొటీన్ పొడి కలిపిన పాలు, మిక్సీ పట్టి వడగట్టిన పెసరకట్టు. మన ఇళ్లలో ఈ దశలో జరిగే పొరపాటు ఒకటే. అమ్మో అత్తగారో ప్రేమగా గ్లాసుడు రాగి జావ, సగ్గుబియ్యం జావ, గంజి ఇస్తూ పోతారు. జావ చెడ్డది కాదు, కానీ దాంట్లో ప్రొటీన్ చాలా తక్కువ. ఉన్న కాస్త చోటు జావతో నిండిపోతే ఒంట్లో కండ కరిగిపోతుంది. రోజుకు ఒక చిన్న కప్పు జావ చాలు, మిగతా చోటు ప్రొటీన్‌కు వదలండి.

మూడు, నాలుగు వారాల్లో వెన్నలా మెత్తగా చేసినవి: మిక్సీ పట్టిన పెసరపప్పు, మెత్తటి గుడ్డు, నీళ్లు వడకట్టిన పెరుగు, పనీర్ గుజ్జు, ముల్లు తీసి మెదిపిన చేప. ఐదో వారం నుంచి ఎనిమిదో వారం దాకా మెత్తటి ఆహారం: సాంబారులో నానిన ఇడ్లీ, నూనె లేని పలుచటి పెసరట్టు, ఉడికించిన కూరలు, చికెన్ కీమా. రెండు నెలల తర్వాత మామూలు తిండికి రావచ్చు, కానీ పరిమాణం చిన్నదే.

గొంతు కింద పట్టేసేవి ఏవో తెలుసుకుంటే చాలా బాధ తప్పుతుంది. పొడిగా వేగిన చికెన్ బ్రెస్ట్, మటన్ ముక్క, ముద్దకట్టిన అన్నం, చపాతీ, మెత్తటి బ్రెడ్, బత్తాయి తొనల మీది పొర, ములక్కాడ పీచు. పట్టేస్తే ఛాతీ మధ్య బరువు, నోట్లో నీళ్లూరడం, ఆపైన నురగలాంటి వాంతి. అప్పుడు నీళ్లు తాగి కిందికి నెట్టాలని చూడొద్దు, ఇంకా ఎక్కువవుతుంది. లేచి నెమ్మదిగా నడవండి, ఆగండి.

పద్ధతి ఇది. టీస్పూన్‌తో తినండి. ఒక్కో ముద్ద ఇరవై ముప్పై సార్లు నమలండి. 20 నుంచి 30 నిమిషాలు తీసుకోండి. తినడానికి ముందు అరగంట, తర్వాత అరగంట నీళ్లు తాగొద్దు. అన్నంలో చారు పోసుకుని జుర్రుకునే అలవాటు ఇక్కడే అడ్డొస్తుంది. జారుడుగా ఉన్న తిండి చకచకా దిగిపోయి గంటకే ఆకలేస్తుంది. కంచంలో మొదట ప్రొటీన్, తర్వాత కూర, చోటు మిగిలితే రెండు చెంచాల అన్నం. ఆవకాయ, గొంగూర పచ్చడి మూడో నెల వరకు పక్కన పెట్టండి.

4. ప్రొటీన్ లెక్క

రోజుకు 60 నుంచి 80 గ్రాములు కావాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లో మన తిండి పదార్థాల విలువలన్నీ ఉన్నాయి. చేతిలో ఉంచుకోవాల్సిన అంకెలు కొన్ని: ఒక గుడ్డు 6 గ్రాములు, 200 మి.లీ. పాలు ఆరు ఆరున్నర, 100 గ్రాముల పెరుగు 3, పచ్చి పెసరపప్పు 30 గ్రాములు వండితే 7, 50 గ్రాముల పనీర్ 9, వండిన చికెన్ 50 గ్రాములు 13, ఎండు మీల్‌మేకర్ 20 గ్రాములు 10. ఇడ్లీకి రెండే.

రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు, చిన్న గిన్నెడు పప్పు, 50 గ్రాముల చికెన్ తిన్నా 39 దగ్గరే ఆగుతాం. ఒక స్కూపు ప్రొటీన్ పొడిలో సుమారు 24 ఉంటే 63కు చేరతాం. శాకాహారులకు మొదటి ఆరు నెలలు పొడి లేకుండా ఈ లెక్క తేలడం దాదాపు అసాధ్యం. కొనేటప్పుడు డబ్బా వెనక చదవండి. ఒక సర్వింగుకు ప్రొటీన్ 20 గ్రాములకు తక్కువ ఉండి చక్కెర ఎక్కువ ఉంటే వదిలేయండి. నకిలీ డబ్బాలు తిరుగుతుంటాయి కాబట్టి బిల్లు ఇచ్చే చోటే కొనండి.

5. విటమిన్లు: ఏవి, ఎంత, ఏ టైముకు

ఇవి బలం కోసం వేసుకునేవి కావు. స్లీవ్‌లో కడుపు పై భాగం తీసేస్తారు. బీ12 ఒంటబట్టడానికి అవసరమైన పదార్థం తయారయ్యేది, ఆమ్లం ఊరేది ఎక్కువగా అక్కడే. బైపాస్‌లో ఇనుము, కాల్షియం ఎక్కువగా పీల్చుకునే పేగు మొదటి భాగాన్నే తిండి తాకదు. ఎంత మంచి భోజనం చేసినా ఈ లోటు తిండితో పూడదు.

మల్టీవిటమిన్ రోజూ వేసుకోవాలి. అందులో జింక్, రాగి, థయమిన్, ఫోలిక్ యాసిడ్ ఉన్నాయో లేవో చూడండి. మెడికల్ షాపుల్లో తరచుగా చేతికిచ్చే బీ కాంప్లెక్స్ గోలీ మల్టీవిటమిన్ కాదు. థయమిన్ కనీసం 12 మి.గ్రా. ఉండాలి, 50 మి.గ్రా. ఉంటే మేలు.

బీ12 నోటి ద్వారా అయితే రోజుకు 350 నుంచి 1,000 మైక్రోగ్రాములు, లేదా నెలకోసారి 1,000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. మామూలు మల్టీవిటమిన్లో ఉండే కొద్ది మైక్రోగ్రాములు చాలవు. శాకాహారులు, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆ మందులు కూడా బీ12ను తగ్గిస్తాయి.

ఇనుము: నెలసరి వచ్చే ఆడవాళ్లకు, బైపాస్ అయినవాళ్లకు రోజుకు 45 నుంచి 60 మి.గ్రా. రక్తహీనత లేని మగవాళ్లకు స్లీవ్ తర్వాత 18 మి.గ్రా. చాలవచ్చు. చాయ్‌తో ఇనుము అస్సలు కుదరదు. టీలోని వగరు పదార్థం దాన్ని పట్టేస్తుంది. ఇరానీ చాయ్ మానలేకపోతే మాత్రకు, చాయ్‌కి మధ్య గంటో రెండు గంటలో తేడా ఉంచండి.

కాల్షియం దగ్గర లేబుల్ మోసపుచ్చుతుంది. మనకు కావాల్సింది తిండితో కలిపి రోజుకు 1,200 నుంచి 1,500 మి.గ్రా. అసలు కాల్షియం. సిట్రేట్ రకం మంచిది, ఎందుకంటే కార్బొనేట్ కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, మనకది తగ్గిపోయింది. కానీ "కాల్షియం సిట్రేట్ 1,000 మి.గ్రా." అని రాసిన మాత్రలో అసలు కాల్షియం సుమారు 210 మాత్రమే. కార్బొనేట్ 1,250 మాత్రలో 500 ఉంటుంది. డబ్బా మీద 'ఎలిమెంటల్' అన్న మాట పక్కనున్న అంకె వెతకండి, దాన్నే లెక్కపెట్టండి. ఒక్కసారికి 500, 600 మించి ఒంటబట్టదు కాబట్టి విడదీసి వేసుకోవాలి. ఇనుముకు, కాల్షియానికి మధ్య రెండు గంటలు ఉండాలి.

డీ3: రోజుకు 3,000 ఐయూ, రక్త పరీక్షలో విటమిన్ డీ మి.లీ.కు 30 నానోగ్రాములు దాటేదాకా. మన దగ్గర ఎక్కువగా 60,000 ఐయూ సాషేలు వారానికొకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. వారానికొకటి అన్నదాన్ని రోజుకొకటిగా వాడితే రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఏ వారమో క్యాలెండర్ మీద గీత పెట్టుకోండి.

ఒక రోజు ఇలా సర్దుకోవచ్చు. పొద్దున ఆరింటికి పరగడుపున థైరాయిడ్ మాత్ర ఉంటే అది. ఎనిమిదిన్నరకు టిఫిన్‌తో బీ12. పదకొండున్నరకు మొదటి కాల్షియం. మధ్యాహ్నం రెండింటికి భోజనంతో మల్టీవిటమిన్, ఇనుము. సాయంత్రం ఐదున్నరకు, రాత్రి తొమ్మిదింటికి మిగతా కాల్షియం. థైరాయిడ్ మాత్రకు, కాల్షియం-ఇనుములకు మధ్య నాలుగు గంటలు ఉండాలి కాబట్టి ఆ మాత్రను ఆరింటి కంటే ఆలస్యం చేస్తే రోజంతా జరిగిపోతుంది.

వీటితో పాటు గడువు ఉన్న మందులు రెండు. కడుపులో ఆమ్లం తగ్గించే మాత్ర సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు. పిత్తాశయంలో రాళ్లు రాకుండా అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ 300 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఆరు నెలలు. బరువు వేగంగా తగ్గేటప్పుడు పిత్తరసం గట్టిపడి రాళ్లు కడతాయి. పిత్తాశయం ఇంతకుముందే తీసేసి ఉంటే ఇది అక్కర్లేదు.

6. వాంతులు ఆగకపోతే: గ్లూకోజ్ బాటిల్ కంటే ముందు థయమిన్

ఈ గైడ్‌లో ఇంట్లోవాళ్లందరికీ చదివి వినిపించాల్సిన భాగం ఇది.

ఒంట్లో థయమిన్ నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది. ఆపరేషన్ తర్వాత తిండి తక్కువ, దానికి తోడు వాంతులు పట్టుకుంటే అది ఖాళీ అవుతుంది. మనవాళ్లకు అలవాటైన వైద్యం ఏమిటి? వీధి చివరి క్లినిక్‌కు వెళ్లి "నీరసంగా ఉంది, ఒక గ్లూకోజ్ ఎక్కించండి" అనడం. శరీరం గ్లూకోజ్‌ను వాడుకోవాలంటే థయమిన్ కావాలి. నిల్వ లేనప్పుడు గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కొంచెం కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, కళ్లు అటూఇటూ కదిలిపోవడం, నడిస్తే తూలడం, మతిమరుపు, కాళ్లలో మంటలు దాని గుర్తులు. ఆలస్యమైతే కొంత నష్టం శాశ్వతంగా ఉండిపోతుంది.

అందుకని రెండు మూడు రోజులు వరుసగా వాంతులైతే సర్జన్ దగ్గరికే వెళ్లండి. వేరే చోట చేరాల్సి వస్తే డ్యూటీ డాక్టర్‌తో ఇలా చెప్పండి: "నాకు బరువు తగ్గించే ఆపరేషన్ అయింది, వాంతులవుతున్నాయి. గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వండి, సెలైన్ పెడితే నార్మల్ సెలైన్ పెట్టండి." ఈ మాటలు ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టుకోండి. దాని వెనక ఆపరేషన్ పేరు, తేదీ, సర్జన్ ఫోన్ నంబరు.

వాంతులకు కారణం తెలియాలి. మొదటి వారాల్లో గబగబా తినడం, దశ మార్చడంలో తొందర ఎక్కువగా కనిపిస్తాయి. ఆపరేషన్ అయిన ఒకటి రెండు నెలలకు మొదట గట్టి తిండి, ఆపైన మెత్తటిది, చివరికి నీళ్లు కూడా దిగకుండా పోతే అతుకు వేసిన చోట దారి సన్నబడి ఉండొచ్చు. ఎండోస్కోపీలో బెలూన్‌తో వెడల్పు చేస్తే చాలా వరకు సరిపోతుంది.

బైపాస్ అయినవాళ్లకు ఇంకొక మాట. ఏడాదికో ఐదేళ్లకో తిన్నాక పొట్ట మధ్యలో, వీపులోకి మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి పోతుంటే గ్యాస్ అనుకోవద్దు. బరువు తగ్గాక లోపలి కొవ్వు కరిగి ఏర్పడిన సందుల్లోకి పేగు జారి మెలిపడవచ్చు. సీటీ స్కాన్ బాగానే ఉందన్నా నొప్పి తిరిగి తిరిగి వస్తుంటే బేరియాట్రిక్ సర్జన్‌కు చూపించాల్సిందే.

7. పాత మందులు, నొప్పి మాత్రలు

షుగర్ మందులు, ముఖ్యంగా ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ రకాలు, మొదటి రోజుల నుంచే బాగా తగ్గించాల్సి వస్తుంది. ఇంట్లో గ్లూకోమీటర్‌తో మొదటి నెల రోజుకు మూడు నాలుగుసార్లు చూసి రాసుకోండి. 70 కంటే తగ్గితే అదే రోజు ఫోన్ చేయండి. బీపీకి వాడే మూత్రం మాత్రలు నీళ్లు సరిగా తాగలేని మొదటి వారాల్లో ఒంటిని ఎండగట్టేస్తాయి. లేచి నిలబడగానే కళ్లు తిరిగితే ఆ మాత్ర గురించి అడగండి. నెమ్మదిగా కరిగే రకం మాత్రలు కొత్త కడుపులో సరిగా పనిచేయకపోవచ్చు. వాటికి బదులు మామూలువి రాయించుకోండి.

మెడికల్ షాపులో ఒళ్లు నొప్పులకని అడిగితే వచ్చేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్. బైపాస్ అయినవాళ్లకు ఇవి పూర్తిగా నిషేధం, అతుకు దగ్గర పుండు పడి రక్తం కారుతుంది. స్లీవ్ అయినా సర్జన్‌ను అడగకుండా వద్దు. పంటి డాక్టర్‌కు, మోకాళ్ల డాక్టర్‌కు కూడా ఈ మాట మీరే చెప్పాలి. పారాసిటమాల్ వాడుకోవచ్చు. సిగరెట్ కూడా అదే పుండు తెస్తుంది.

మద్యం ఇప్పుడు మునుపటిలా ఉండదు. త్వరగా ఎక్కుతుంది, ఎక్కువసేపు ఉంటుంది. ఒక్క పెగ్గుకే డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో 100 మి.లీ. రక్తానికి 30 మి.గ్రా. పరిమితి దాటొచ్చు. తిండి మీది కోరిక తాగుడు మీదికి మళ్లినవాళ్లు ఉన్నారు కాబట్టి పూర్తిగా మానేయమనే మా సలహా.

8. చెకప్‌లు, రక్త పరీక్షలు

వారం పది రోజులకు కుట్లు చూపించుకోవడానికి, తర్వాత నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి వెళ్లాలి. అక్కడి నుంచి ఏటా ఒకసారి, ఎప్పటికీ.

మూడో నెల నుంచి ప్రతిసారీ చేయించాల్సినవి: రక్త కణాల లెక్క, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బీ12, ఫోలేట్, విటమిన్ డీ, కాల్షియం, ఆల్బుమిన్, లివర్, కిడ్నీ పరీక్షలు. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ ఉంటే టీఎస్‌హెచ్. పారాథైరాయిడ్ హార్మోన్ ఆరో నెలలో, తర్వాత ఏటా. రక్తంలో కాల్షియం మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండొద్దు. ఎముకల్లోంచి లాక్కొచ్చి మరీ శరీరం దాన్ని నిలబెడుతుంది. ఆ లాగుడు కనిపించేది పారాథైరాయిడ్ అంకెలోనే. బైపాస్ అయినవాళ్లు జింక్, రాగి, విటమిన్ ఏ కూడా చూపించుకోవాలి. రెండో ఏడాదికి ఎముకల డెక్సా స్కాన్. డయాగ్నొస్టిక్ సెంటర్ల 'ఫుల్ బాడీ ప్యాకేజీ'ల్లో ఇవన్నీ ఉండకపోవచ్చు. ఫెరిటిన్, పారాథైరాయిడ్ ఉన్నాయో లేవో పేరు పేరునా అడగండి. బీ12 ఇంజెక్షన్ వేయించుకున్న మర్నాడు పరీక్షిస్తే అంకె ఊరికే ఎక్కువ చూపిస్తుంది, తర్వాతి ఇంజెక్షన్‌కు ముందు రోజు ఇవ్వండి.

స్లీవ్ అయినవాళ్లకు ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు లేకపోయినా ఏడాదికి ఒక ఎండోస్కోపీ, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి చేయించాలన్నది అంతర్జాతీయ బేరియాట్రిక్ సర్జన్ల సమాఖ్య సూచన. ఆమ్లం పైకి తన్నడం స్లీవ్‌తో పెరగొచ్చు, అన్నవాహిక లోపలి పొర మారిపోవచ్చు.

జుట్టు మూడో నెల నుంచి ఆరో నెల దాకా గుప్పెళ్లుగా రాలుతుంది. భయపడొద్దు, సాధారణంగా ఏడాదిలోపు తిరిగి వస్తుంది. తొమ్మిదో నెల దాటాకా రాలుతూనే ఉంటే ప్రొటీన్, ఫెరిటిన్, జింక్ చూడాలి. వేలాడే చర్మానికి ఆపరేషన్ ఆలోచన బరువు నిలకడగా ఉన్నాకే, ఏడాదిన్నర తర్వాత.

మనసు కూడా మారుతుంది. కొందరికి నిరుత్సాహం, భార్యాభర్తల మధ్య చిక్కులు, అద్దంలో తమను తాము పోల్చుకోలేకపోవడం వస్తాయి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

9. గర్భం

బరువు తగ్గగానే పీసీఓడీ ఉన్నవాళ్లకు కూడా నెలసరి సర్దుకుని అనుకోకుండా గర్భం వస్తుంది. 12 నుంచి 18 నెలలు ఆగాలి. వేగంగా తగ్గుతున్న ఒంట్లో బిడ్డకు సరిపడా పోషకాలు ఉండవు. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటబట్టకపోవచ్చు కాబట్టి కాపర్ టీ లాంటివి నమ్మకం. గర్భం వచ్చాక షుగర్ పరీక్ష కోసం గ్లూకోజ్ నీళ్లు తాగమంటే బైపాస్ సంగతి చెప్పండి, డంపింగ్ (తీపి పడగానే గుండె దడ, చెమట, విరేచనం) రావొచ్చు. బదులుగా ఒక వారం ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూడొచ్చు.

10. ఎండాకాలం, పండుగలు, ఫంక్షన్లు

ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండలో ఒక్కసారిగా గ్లాసుడు నీళ్లు తాగి దాహం తీర్చుకునే వీలు లేదు. సీసా చేతిలోనే ఉండాలి. మూత్రం ముదురు పసుపైతే వెనకబడ్డట్టే. ఓఆర్‌ఎస్ కావాలంటే లీటరు నీటిలో కలిపే డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ప్యాకెట్ కొనండి. రంగు రంగుల టెట్రా ప్యాకుల్లో చక్కెర చాలా ఎక్కువ. నడకకు ఇందిరా పార్క్, సంజీవయ్య పార్క్, కేబీఆర్ ఏదైనా సరే, ఎనిమిదిలోపు ముగించండి.

బైపాస్ తర్వాత చెరకు రసం, గులాబ్ జామ్, బెల్లం మలీద ముద్ద తింటే పది నిమిషాల నుంచి అరగంటలో గుండె దడ, చెమట, కడుపులో మెలి, విరేచనం రావొచ్చు. ఇదే డంపింగ్. పడుకుంటే తగ్గిపోతుంది. గంట నుంచి మూడు గంటల తర్వాత వణుకు, మసక వస్తే అది షుగర్ పడిపోవడం. అప్పుడు కొద్దిగా గ్లూకోజ్ తీసుకుని వెంటనే గుడ్డో పనీరో తినాలి. తీపి మాత్రమే తిని వదిలేస్తే మళ్లీ పడిపోతుంది.

రంజాన్ ఉపవాసం కనీసం మొదటి ఏడాది వద్దు. తర్వాతైనా డాక్టర్‌ను అడిగి. హలీమ్ మెత్తగా ఉంటుంది, మాంసం ఉంటుంది. మూడో నెల దాటాక పైన నెయ్యి పోయకుండా చిన్న కప్పు తినొచ్చు. అయ్యప్ప దీక్షలో ఏకభుక్తంతో 60 గ్రాముల ప్రొటీన్ అందదు, మొదటి ఏడాది మానుకోండి. పెళ్లి భోజనాల్లో "ఇంతేనా తిన్నది" అని వడ్డించేస్తుంటారు. బఫేలో టిఫిన్ ప్లేటు తీసుకోండి, చికెనో పనీరో పెట్టుకుని నెమ్మదిగా తిరుగుతూ తినండి. బిర్యానీలో ముక్క ముందు, అన్నం చివర.

11. బరువు ఆగిపోతే, మళ్లీ పెరిగితే

మూడో వారంలో కాటా కదలదు. దాదాపు అందరికీ జరిగేదే, రెండు వారాల్లో మళ్లీ కదులుతుంది. రోజూ తూగొద్దు, వారానికి ఒకసారి చాలు. బరువు తగ్గడం ఎక్కువగా మొదటి 12 నుంచి 18 నెలల్లోనే. ఆ తర్వాత కొన్ని కిలోలు తిరిగి రావడం మామూలు.

అంతకు మించి పెరుగుతుంటే సిగ్గుపడి చెకప్ మానేయడం అన్నిటికంటే నష్టం. వరుస ఇది. ముందు వారం రోజులు తిన్నదీ తాగినదీ అంతా రాయండి. చాయ్, బిస్కెట్, మిక్చర్, జ్యూసు దగ్గరే ఎక్కువసార్లు సమాధానం దొరుకుతుంది, ఎందుకంటే ఇవి చిన్న కడుపులోనూ సులువుగా జారిపోతాయి. తర్వాత థైరాయిడ్, కొత్తగా మొదలైన మందులు చూస్తారు. ఆపైన ఎండోస్కోపీతోనో బేరియం పరీక్షతోనో కడుపు సాగిందా అని చూస్తారు. ఆకలి తగ్గించే సెమాగ్లూటైడ్ లాంటి ఇంజెక్షన్లు ఈ దశలో వాడుతున్నారు. ఇంకో ఆపరేషన్ ఆలోచన ఇవన్నీ అయ్యాకే. మొదటి సర్జన్ ఆసుపత్రి మారిపోయినా, మీరే ఊరు మారినా, ఆ డిశ్చార్జ్ సమ్మరీ, ఏటేటి రిపోర్టులు ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచుకుంటే కొత్త డాక్టర్ అక్కడి నుంచే అందుకోగలరు.